దోహాలో దాహం వేసిందట, పాపం!

ఖతర్ ప్రభుత్వం చాలా పెద్ద తప్పు చేసింది. అమెరికా వెళ్ళే తెలుగువారు దోహాలో ఒక పగలు ఆగుతారని తెలిసి కూడా రంజాన్ నెలను వాయిదా వేసుకోలేదు. టికెట్ చవకగా వచ్చిందని దోహా మీదుగా బుక్ చేసుకుని, రెండో విమానానికి రాత్రి దాకా వ్యవధి ఉందని ఊరు చూడడానికి బయలుదేరి, తీరా అక్కడ టీ కొట్టు మూసి ఉంటే మండిపడే హక్కు మనకు పుట్టుకతోనే వచ్చిందని ఈ మధ్యాహ్నం ఒక పెద్దమనిషి నాకు జ్ఞానబోధ చేశారు. విమానం ఎక్కేలోగా ఈ నాలుగు ముక్కలూ రాయకపోతే నాకు నిద్ర పట్టదు.

మార్చి నెలే అయినా మిట్టమధ్యాహ్నం ఇక్కడి పాత బజారు సూక్ వాకిఫ్ సందుల్లో నీడ వెతుక్కోవలసినంత ఎండ కాస్తోంది. దుకాణాలు చాలావరకు మూసి ఉన్నాయి. మా విమానంలోనే వచ్చిన ఆ పెద్దమనిషి నడివీధిలో నిలబడి చేతిసంచిలోంచి నీళ్ళ సీసా, జంతికల పొట్లం బయటికి తీశారు. అక్కడ కాపలాగా ఉన్న కుర్రవాడు మా మాటలు విని దగ్గరకు వచ్చి, "అన్నా, రోజాల నెల గద, ఇక్కడ తాగితే పోలీసోళ్ళు ఊకోరు, జర ఆ హోటల్ లోపలికి పోయి తాగుండ్రి" అని ఎంతో మర్యాదగా చెప్పి, చెయ్యి చాపి దారి కూడా చూపించాడు. జగిత్యాల దగ్గర పల్లెటూరు అట. దానికి మనవారు ఇచ్చిన జవాబు: "నువ్వేమన్నా ముస్లింవా? నీకెందుకోయ్? అయినా నీకు జీతమెంత ఇస్తారు?" ఆ తరువాత ఆ కుర్రవాడు ఆయనను అన్నా అని పిలవలేదు, సార్ అన్నాడు.

రంజాన్ పగటివేళ నలుగురిలో తినడం, తాగడం ఖతర్‌లో చట్టరీత్యా నేరం. అంతమాత్రాన మనల్నెవరూ ఉపవాసం ఉండమనలేదు. విమానాశ్రయంలో తిండి దొరుకుతుంది, హోటల్ గదిలో తినవచ్చు. తెల్లవారకముందు నుంచి గుక్కెడు నీళ్ళు కూడా ముట్టని మనిషి ఎదుట గటగటా తాగవద్దన్నారు, అంతే. తిరుమల కొండ మీద మద్యం, మాంసం, పొగాకు కూడదంటే అది పవిత్రత అని చేతులు జోడిస్తాము, తనిఖీలో సిగరెట్ పెట్టె పట్టుబడినవాడిని చూసి బాగా అయిందనుకుంటాము. దోహాలో మాత్రం సీసాకు మూత పెట్టమంటే అది ఛాందసం! అదే మనిషి హైదరాబాద్‌లో రంజాన్ వచ్చిందంటే హలీం కోసం అర్ధరాత్రి దాకా వరుసలో నిలబడతారు. ఆ హలీం గోధుమలు, మాంసం కలిపి వండే అరబ్బుల హరీస్ నుంచే వచ్చిందనీ, నిజాం సైన్యంలో పనిచేసిన యెమెన్ అరబ్బుల వారసులు నేటికీ ఆ ఊరి బార్కస్ పేటలో ఉన్నారనీ ఎవరు చెప్పాలి? పండుగ తిండి మాత్రం మనకు కావాలి, ఉపవాసం వాళ్ళు మన కంట పడకుండా చేసుకోవాలి. ఆయన అసలు బాధ మంచినీళ్ళ గురించి కూడా కాదని నా అనుమానం, ఎందుకంటే ఈ నెలలో ఇక్కడి హోటళ్ళలో బార్లు మూసేస్తారని తెలిసినప్పుడే ఆయన ముఖం సగం వాడిపోయింది.

నిజానికి ఇప్పటి రంజాన్ చాలా మెత్తనిది. చాంద్రమానం కాబట్టి ఏటా సుమారు పదకొండు రోజులు ముందుకు జరుగుతూ కాస్త చల్లటి ఈ నెలలకు వచ్చింది. 2015, 2016 సంవత్సరాలలో ఇదే నెల జూన్, జూలైలలో పడింది. నలభై డిగ్రీలు దాటిన ఎండలో, సుమారు పదిహేను గంటల ఉపవాసంతో, 2022 ఫుట్‌బాల్ ప్రపంచ కప్ స్టేడియాలు కట్టిన కూలీలలో మన తెలుగువారూ ఉన్నారు. వేసవిలో ఉదయం పది నుంచి మధ్యాహ్నం మూడున్నర వరకు ఆరుబయట పని చేయించరాదని పాత నిబంధన వేళలను పెంచింది 2021లోనే. నెలకు 1000 రియాళ్ళ కనీస వేతనం అందరికీ వర్తించిందీ ఆ సంవత్సరమే. జీతమెంత అని అడిగిన పెద్దమనిషికి ఈ లెక్కలు అక్కరలేదు. ఆయన ప్రశ్న కేవలం ఎదుటివాడిని ఒక మెట్టు కిందికి దించడానికి.

ఈ దించడం నాకు కొత్త కాదు, అందుకే ఇంత కోపం. శంషాబాద్‌లో ఈసీఆర్ పాస్‌పోర్టు (గల్ఫ్‌లో పనికి వెళ్ళాలంటే ప్రభుత్వ అనుమతి తీసుకోవలసినవారిది) పట్టుకుని, ఇమిగ్రేషన్ అధికారి ఏమడుగుతాడోనని గుటకలు మింగుతూ నిలబడిన నిజామాబాద్, సిరిసిల్ల, కడప, కోనసీమ మనుషుల వెనుక మనమే విసుక్కుంటూ ఉంటాము, "వీళ్ళవల్లే ఆలస్యం" అని గొణుగుతాము. విమానంలో వాళ్ళు గట్టిగా మాట్లాడితే తల తిప్పుకుంటాము. పెళ్ళి సంబంధాల దగ్గర అమెరికా అబ్బాయి పేరు ముందు చెప్పి, కువైట్‌లో ఉన్న మేనమామ ఊసు దాటవేస్తాము. ఆ మేనమామ పంపిన డబ్బుతోనే అబ్బాయి చదువు పూర్తయిందన్న సంగతి ఏ పెళ్ళిచూపుల్లోనూ వినబడదు.

"ఇదేం ఊరండీ, చూడడానికి ఏమీ లేదు" అని ఫోనులో ఎవరితోనో గట్టిగా చెప్పుకుంటూ ఆయన మూడు గంటలకే టాక్సీ ఎక్కి విమానాశ్రయానికి వెళ్ళిపోయారు. రెండు రియాళ్ళ మెట్రో టికెట్‌తో వెళ్ళగలిగే దూరంలో వాస్తుశిల్పి జాన్ నువెల్ నమూనా గీసిన జాతీయ మ్యూజియం ఉంది, కార్నిష్ అనే సముద్రతీర రహదారి ఒడ్డున మరో వాస్తుశిల్పి ఐ.ఎం.పే నమూనా గీసిన ఇస్లామిక్ కళల మ్యూజియం ఉంది. సూర్యాస్తమయానికి సూక్ వాకిఫ్‌లో ఫిరంగి పేలగానే పిల్లలు చెవులు మూసుకుని కేరింతలు కొట్టారు, ఎవరో ముక్కూ మొహం తెలియని ఆయన నా చేతిలో మూడు ఖర్జూరాలు, ఒక మజ్జిగ సీసా పెట్టి నా పేరైనా అడగకుండా ముందుకు సాగిపోయాడు. ఆ తరువాత ఒక్కొక్క దుకాణమే షట్టర్ ఎత్తింది. పగలు ఆయన ఏమీ లేదన్న ఊళ్ళో రాత్రికి నడవడానికి చోటు లేదు.

రంజాన్‌లో ఎడారి నగరం అంత ఇబ్బందిగా ఉన్నవారు హాయిగా ఫ్రాంక్‌ఫర్ట్ మీదుగా వెళ్ళవచ్చు. టికెట్ ఇంకాస్త ఎక్కువ పడవచ్చు గాని, అక్కడ ఏ జగిత్యాల కుర్రవాడూ వచ్చి మీ జంతికలకు అడ్డుపడడు.