వాళ్ళు పాడకుండా వెళ్ళిపోయిన మూడో పాట

ఇది కోపంతో రాస్తున్నాను. డిసెంబరులో జరిగిన విషయం, ఇంకా మనసులోంచి పోలేదు. హైదరాబాదులో మన ప్రవాస తెలుగు సంఘం సేవా కార్యక్రమాల ముగింపు సభకు వచ్చినవాళ్ళకి నేను దేని గురించి చెప్పబోతున్నానో ఈపాటికి తెలిసే ఉంటుంది. కల్చరల్ కమిటీలో నేనూ ఉన్నాను, కాబట్టి ఇందులో నా తప్పూ ఉంది, ఆ మాట మొదటే ఒప్పుకుంటున్నాను.

ఆ సాయంత్రానికి ఒక బ్యాండును పిలిచింది నేనే. ఐదుగురు పిల్లలు. పిల్లలంటే పాతికేళ్ళు దాటినవాళ్ళే, ఇద్దరికి గచ్చిబౌలిలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలు, పాడే అమ్మాయి ఒక స్కూల్లో మ్యూజిక్ టీచరు. తెలుగులో సొంతంగా పాటలు రాసుకుని, సొంతంగా బాణీలు కట్టుకుని, వాళ్ళే పాడుకుంటారు. పేరు ఇక్కడ రాయను, వాళ్ళని అడగకుండా ఈ గొడవలోకి లాగడం న్యాయం కాదు. నలభై నిమిషాలు ఇస్తాం, ఏడుంపావుకి మొదలు అని చెప్పి ఒప్పించాను. సౌండ్ చెక్ కోసం మధ్యాహ్నం రెండింటికే వచ్చేశారు. డ్రమ్స్, బేస్ గిటార్, కీబోర్డు, వేణువు, రెండు గొంతులు, ఒక్కోదానికి మైకు పెట్టి, ఒక్కోదాని సౌండు విడిగా సరిచూసి, స్టేజీ మీద వాయించేవాళ్ళకి తమ వాద్యం తమకి వినబడేలా మానిటర్లు సర్దుకోవాలంటే హీనపక్షం గంట పడుతుంది. ఆ గంట దొరకలేదు. ముందు ఫ్లెక్సీ కడుతున్నారన్నారు, తర్వాత కుందులు ఎటువైపు పెట్టాలన్న చర్చ నడిచింది, ఆ తర్వాత డాన్స్ పిల్లల రిహార్సల్. బ్యాండు వాళ్ళు డ్రమ్స్ పక్కనే నేలమీద కూర్చుని ఐదు గంటలు ఎదురుచూశారు.

ఏడుంపావు అయింది. సన్మానాలు నడుస్తున్నాయి. ఎనిమిదైంది, ఎనిమిదిన్నర అయింది, సన్మానాలు నడుస్తూనే ఉన్నాయి. ఒకరి పేరు పిలవడం, ఆయన గురించి రెండు నిమిషాలు చెప్పడం, శాలువా, మెమెంటో, ఫొటో, మళ్ళీ ఫ్యామిలీతో ఇంకో ఫొటో. నేను గ్రీన్ రూమ్‌కీ స్టేజీ పక్కకీ మధ్య తిరుగుతూ "ఇంకో పది నిమిషాలమ్మా" అని ఎన్నిసార్లు చెప్పానో లెక్కలేదు. తొమ్మిదీ ఇరవైకి పిలిచారు. హాలు పదింటికి ఖాళీ చెయ్యాలి. పైగా అదే నిమిషంలో, కింద భోజనాలు మొదలయ్యాయని అనౌన్స్ చేశారు.

మొదటి పాటలో వేణువు వినబడనే లేదు, ఆ మైకు ఆన్ కాలేదు. రెండో పాటకి అన్నీ కుదిరాయి, వెనక నిలబడ్డ పిల్లలు కొందరు ఊగడం మొదలుపెట్టారు కూడా. అది అయీ అవగానే ముందు వరసలోంచి ఒకాయన "ఒక మంచి సినిమా పాట అందుకోండమ్మా" అన్నారు. యాంకరు ఆ మాటనే మైకులో చెప్పింది. పాడే అమ్మాయి చాలా మర్యాదగా, "మేం మా పాటలే పాడతామండీ, ఇంకొక్కటే ఉంది" అంది. ఎవరో చీటీ పంపారు. సమయాభావం వల్ల అన్నారు. ఐదుగురికీ ఐదు శాలువాలు కప్పి, ఫొటో తీసి, వాళ్ళు వైర్లు చుట్టుకుంటుండగానే రికార్డు చేసిన మ్యూజిక్ ట్రాక్ పెట్టి వేరే ఎవరో సినిమా పాట పాడారు. ఆ పాటకి హాలంతా చప్పట్లు.

బయట వాన్ కోసం నిలబడి ఉన్నప్పుడు ఆ అమ్మాయి దగ్గరికి వెళ్ళాను. శాలువా మడిచి చేతిలో పెట్టుకుంది, ఇంకో చేత్తో ఆంప్లిఫయరు మోస్తోంది. నేనేదో చెప్పబోతే "పర్లేదాంటీ, మాకు అలవాటే" అంది. తిట్టినా బాగుండేది. మా అలవాట్లన్నీ ముందే తెలిసి, సర్దుకుని, ఇంతకంటే ఏమీ ఆశించకుండా వచ్చారన్నమాట.

నాకు ఈ బ్యాండు పాటల పిచ్చి ఎప్పుడు పట్టిందో చెప్పాలి. 2019 డిసెంబరులో హైదరాబాదు నల్లకుంటకి వెళ్ళినప్పుడు మా మేనకోడలు "అత్తమ్మా, ఒక చోటికి తీస్కపోతా, చీర వద్దు, కింద కూర్చోవాలె" అని బంజారాహిల్స్ రోడ్ నంబర్ 1లో పాటల షోలు, నాటకాలు జరిగే లామకాన్‌కి తీసుకెళ్ళింది. 2010 నుంచీ ఉందట అది, నేను పుట్టి పెరిగిన ఊళ్ళోనే, నాకు తెలియదు. పాత ఇల్లు, పక్కనే పెద్ద బండరాయి, ఆరుబయట మెట్లు, చవగ్గా చాయ్, సమోసా. వందమంది కూడా ఉండరు. మనకి అలవాటైన ఆలస్యం అక్కడ లేదు, చెప్పిన టైముకి మొదలైపోయింది. ఎందుకని అడిగితే, ఆరుబయట లౌడ్‌స్పీకర్లు రాత్రి పదికల్లా ఆపెయ్యాలి కదా, వాళ్ళ సమయం వాళ్ళే జాగ్రత్తగా చూసుకుంటారని చెప్పింది మా పిల్ల.

ఆ రాత్రి ఒక కుర్రాడు గిటార్ పట్టుకుని, మెట్రోలో చివరి ట్రైన్‌లో మియాపూర్ దాకా ఒక్కడే వెళ్తున్నప్పుడు రాసుకున్న పాట అని చెప్పి పాడాడు. నాకు ఒళ్ళు గగుర్పొడిచింది. ఎందుకో చెప్తాను. నలభై ఐదేళ్ళు తెలుగు పాటలు వింటూ పెరిగాను, కానీ పాట రాసినవాడూ, బాణీ కట్టినవాడూ, పాడుతున్నవాడూ ఒకడే అయి, అది వాడి సొంత బతుకే అయి, నాకు ఆరడుగుల దూరంలో నిలబడి పాడటం అదే మొదటిసారి. హీరో కోసం రాసింది కాదు, సీను కోసం రాసింది కాదు. మధ్యలో ఒకచోట మాట మరిచిపోయాడు, మెట్ల మీద కూర్చున్న అమ్మాయిలు అందించారు. వాళ్ళకి ఆ పాట నోటికి వచ్చు! ఏ సినిమాలోనూ లేని పాట, రేడియోలో రాని పాట, అక్కడున్న ముప్ఫై మందికి కంఠతా వచ్చు. ఆ రోజు నుంచి ఏ డిసెంబరులో వచ్చినా నా మొదటి పని షోలు ఎక్కడెక్కడ ఉన్నాయో చూసుకోవడం, ఆ తర్వాతే చుట్టాలిళ్ళు. ఒకే బ్యాండును మూడుసార్లు చూసిన సందర్భాలున్నాయి. రికార్డింగులో నాలుగు నిమిషాలున్న పాట షోలో తొమ్మిది నిమిషాలవుతుంది, వేణువు అబ్బాయికి ఆ రోజు మనసు బాగుంటే పదకొండు కూడా అవుతుంది. ఆ తేడా కోసమే మళ్ళీ మళ్ళీ వెళ్ళేది.

ఇది మనకి కొత్తా అంటే కాదు, అదే నా బాధ. తెలుగులో మొదటి టాకీ వచ్చింది 1932లో. ఎంకి పాటలు అచ్చయింది 1925లో. సినిమా మాట్లాడటం మొదలుపెట్టకముందే నండూరి వారి ఎంకిని జనం పాడుకున్నారు. ఆ తర్వాత రేడియో వచ్చింది. మా నాన్న నల్లకుంట ఇంట్లో ముందుగదిలో రేడియో పక్కన పాత డైరీ, పెన్సిలు ఎప్పుడూ పెట్టుకునేవారు, సినిమాది కాని లలితగీతం వస్తే చాలు, పరుగున వచ్చి రాసుకునేవారు. మొదటిసారి సగం దొరికేది, మళ్ళీ వేసినప్పుడు మిగతాది పూర్తిచేసేవారు. ఈ మాసపు పాట అని నెలకొక కొత్త పాట వచ్చేది, నెలాఖరుకి అది మా ఇంట్లో అందరికీ వచ్చేసేది, పనిమనిషితో సహా. కృష్ణశాస్త్రి గారు రేడియో కోసం రాసేవారు, రజనీకాంతరావు గారైతే రాయడం, బాణీ కట్టడం, పాడించడం అన్నీ తానే. ఇవాళ సాధన కోసం జామ్ రూమ్‌లో గంటకింత అని అద్దె కట్టి ఈ పిల్లలు చేస్తున్న పనీ అదే. మా నాన్న ఉంటే ఆ డైరీలో ఈ పాటలు రాసుకునేవారని నాకు గట్టి నమ్మకం.

మరి మధ్యలో ఏమైంది? మనం సినిమా పాట తప్ప వేరే పాటే లేదన్నట్టు బతకడం మొదలుపెట్టాం. తెలంగాణ పల్లెల్లో ఇది నిజం కాదు, ధూంధాం వేదికల నుంచి ఇవాళ్టి యూట్యూబు జానపదాల దాకా అక్కడ పాట సినిమాని అడక్కుండానే నడుస్తోంది, పెళ్ళి బరాతుల్లో మోగేవి సగం అవే. మన సంఘాల హాళ్ళలోనే ఈ కరువు. చౌరస్తా బ్యాండు సంగతే చూడండి. పట్నం వదిలి ఊరెళ్ళిపోతానని ఆ బ్యాండు గాయకుడు రామ్ మిరియాల పాడినప్పుడు మనలో ఎంతమంది విన్నాం? అదే గొంతు 2021లో జాతిరత్నాలులో చిట్టి అని పాడగానే మన ప్రతి పార్టీలో, ప్రతి సంగీత్‌లో మోగింది. రెండూ బాగుంటాయి, నేను రెండిటికీ గంతులేశాను. కానీ ఊరు వదిలి వేల మైళ్ళు వచ్చినవాళ్ళం, ఊరెళ్ళిపోతానన్న పాట మనకి ముందుగా చేరాలి కదా.

నాతో పనిచేసే మలయాళీ అమ్మాయి దగ్గర ఈ విషయంలో నాకు చిన్నతనంగా ఉంటుంది. వాళ్ళ తైక్కుడం బ్రిడ్జ్ బ్యాండు 2013లో కప్పా టీవీ ఛానెల్లో మ్యూజిక్ మోజో అనే షోతో ఒక్కసారిగా అందరికీ తెలిసింది. ఒక ఛానెలు బ్యాండులని పిలిచి, మంచి సౌండు ఇచ్చి, పూర్తిగా పాడనిచ్చింది, అంతే. మన పిల్లల్లో ప్రతిభ తక్కువని నేను ఒప్పుకోను, వాళ్ళకి పూర్తిగా పాడే వేదిక తక్కువ.

అవతలి పక్క మాట కూడా చెప్పాలి. శాలువా కప్పించుకున్న ఆ పెద్దల్లో చాలామంది సొంత డబ్బుతో బడులకి గదులు కట్టించారు, కంటి ఆపరేషన్లు చేయించారు. హాలు అద్దె కట్టింది కూడా వాళ్ళే. వాళ్ళని గౌరవించుకోవడంలో తప్పు లేదు. సినిమా పాట మీదా నాకు పగ లేదు, డెబ్భై ఏళ్ళ తాతనీ, డల్లాస్‌లో పుట్టిన మనవడినీ ఒకే పాటకి తలూపించే శక్తి ఘంటసాలకీ బాలుకీ ఉంది, ఇంకెవరికీ లేదు. కొత్త పాట మొదటిసారి వింటే వెంటనే ఎక్కదు, రోజంతా తిరిగి అలసిపోయి వచ్చినవాళ్ళు తెలిసిన పాటే అడుగుతారు, అది మనిషి స్వభావం. ఇవన్నీ నిజమే. కానీ సినిమా గాయకులు వస్తే విమానం టికెట్టు, హోటలు, పారితోషికం, సౌండ్ ఇంజనీరు అన్నీ వాళ్ళు అడగకముందే సిద్ధం చేస్తామే, మరి ఈ ఐదుగురికి వాన్ కిరాయి ఇవ్వడానికి కమిటీలో నేను మూడు మీటింగులు వాదించాల్సి వచ్చిందెందుకు?

ఇంక ఆ మూడో పాట సంగతి. నా తిరుగు ప్రయాణానికి రెండు రోజుల ముందు, జూబ్లీహిల్స్‌లో ఒక చిన్న కేఫ్‌లో అదే బ్యాండు షో ఉంటే నేనూ మా మేనకోడలూ వెళ్ళాం. అరవై మంది ఉంటారేమో. ఆ రోజు మన సభలో పాడకుండా ఆగిపోయిన పాట అక్కడ విన్నాను. ఊళ్ళో తాళం వేసి ఉన్న ఇంటి గురించి. పిల్లలు ఎక్కడో దూరదేశంలో ఉంటారు, పక్కింటావిడ పండగకి వచ్చి ఆ గడపకి కూడా పసుపు రాసి వెళ్తుంది, ఫొటో తీసి వాట్సాప్‌లో పంపుతుంది. అంతే పాట. వేణువు చివర్లో ఒక్కటే మిగులుతుంది. మా నల్లకుంట ఇంటి తాళంచెవి నా హ్యాండ్‌బ్యాగులో ఉంది, పాట అయ్యేదాకా దాన్ని పిడికిట్లో పట్టుకుని కూర్చున్నాను. మా పిల్ల నా వైపు చూసి ఏమీ అనలేదు. మన సభకి వస్తున్నామని, మన కోసమని, ఆ పాటని ఆఖరికి పెట్టుకున్నారట. ఇద్దరు కలిసి నెలరోజులు కూర్చుని రాశారట. హాల్లో ఆరువందల మంది, అందరూ అలాంటి ఇళ్ళ వాళ్ళే. మనం వినలేదు.

అందుకే కమిటీకి అడుగుతున్నాను, బతిమాలుతున్నాను అనుకున్నా పర్లేదు. వచ్చే డిసెంబరులో ఒక్క బ్యాండుకి, ఒక్కదానికే, నలభై ఐదు నిమిషాలు ఇవ్వండి, అది కూడా సన్మానాలకి ముందు. మధ్యాహ్నం గంటసేపు స్టేజీ వాళ్ళకి వదిలెయ్యండి, ఫ్లెక్సీ పొద్దున్నే కట్టుకుందాం. పారితోషికం ముందే మాట్లాడి, ముందే ఇద్దాం, శాలువా బదులు అదే ఇద్దాం. వాళ్ళు పాడుతున్నప్పుడు భోజనాల అనౌన్స్‌మెంట్ వద్దు. డబ్బు సమస్య అయితే నా పేరు మీద రాయండి, ఇంకో ఇద్దరు ముగ్గురు నాతో కలుస్తామన్నారు. ఇక సభ్యులకి నా మాట, ఈసారి హైదరాబాదు వెళ్ళినప్పుడు షాపింగుల మధ్య ఒక్క సాయంత్రం ఖాళీ పెట్టుకోండి, మీ ఇంట్లో ఇరవై రెండేళ్ళ వాళ్ళెవరైనా ఉంటే ఎక్కడికి వెళ్ళాలో వాళ్ళే చెప్తారు, వాళ్ళు చెప్పకపోతే నన్ను అడగండి, తోడు వస్తాను.

పోయిన వారం ఆ అమ్మాయికి ఫోన్ చేశాను. మళ్ళీ పిలిస్తే వస్తారా అని అడగడానికి నాలుగు రోజులు ధైర్యం చాలలేదు. వస్తామాంటీ, అంది. కాసేపాగి, "సౌండ్ చెక్ ఉంటుంది కదా?" అని అడిగింది. కమిటీని అడిగి చెప్తానన్నాను. అడుగుతున్నాను.