గ్యాస్ కిట్ దాచమనే మెసేజ్ ఇక పంపకండి

ఆ మెసేజ్ మా తిరుపతి గ్రూపుల్లోకి మళ్లీ వచ్చింది. ఒకరికి వివరంగా చెప్పి ముగించేలోపే ఇంకొకరు పంపిస్తున్నారు. దాని సారం ఇది: కార్లో సీటు కవర్లు మార్చినా ఇన్సూరెన్స్ క్లెయిమ్ పోతుంది. రంగు మాత్రం మన ఇష్టం. బయట పెట్టించిన సీఎన్‌జీ గ్యాస్ కిట్ గురించి ఇన్సూరెన్స్ కంపెనీకి చెబితే ప్రీమియం రెండింతలవుతుంది, కాబట్టి చెప్పకండి, ప్రమాదం జరిగితే నష్టం చూసి లెక్కగట్టే సర్వేయర్ వచ్చేలోపు తీసేయండి. ఎలాగూ సాకు దొరికితే కంపెనీలు డబ్బు ఎగ్గొడతాయి.

సీటు కవర్లకూ, మ్యాట్లకూ క్లెయిమ్ పోదు. రంగు ఆర్సీలోనే రాసి ఉంటుంది, మారిస్తే ఆర్టీవో దగ్గర నమోదు చేయించాలి. ఈ రెండింటికీ ఇంతకంటే చెప్పేదేం లేదు.

కిట్ దాచమన్న మాట మాత్రం నాకు కోపం తెప్పిస్తోంది. ప్రీమియం రెండింతలా? కిట్ విలువలో సాధారణంగా 4 శాతం, థర్డ్ పార్టీ (ఎదుటివాళ్లకు జరిగే నష్టానికి బీమా) కింద 60 రూపాయలు, పైన పన్ను. 50,000 రూపాయల కిట్‌కు ఏడాదికి 2,060, పన్ను అదనం. ఈ డబ్బు మిగుల్చుకోవడానికి లక్షల కారు క్లెయిమ్‌ను పణంగా పెట్టమని స్నేహితులకు చెబుతారా?

పైగా సర్వేయర్ వచ్చేలోపు తీసేయాలట! డిక్కీలో సిలిండర్‌కు బిగించిన బ్రాకెట్లు, కింద నుంచి ఇంజిన్ దాకా వెళ్లిన పైపు, వాటి కోసం వేసిన రంధ్రాలు ఎక్కడికి పోతాయి? కారు తగలబడితే ఏం తీస్తారు, ఎవరు తీస్తారు? తీసి దాచారని తేలితే అప్పటిదాకా చెప్పకపోవడం వరకే ఉన్న తప్పు కాస్తా మోసమవుతుంది.

అన్నా, డబ్బు సంగతి పక్కన పెట్టు. ఆ సిలిండర్ వెనక సీటు వెనకాలే ఉంటుంది. ఆ సీట్లో కూర్చునేది మన పిల్లలు, అమ్మానాన్నలు. ఎండాకాలంలో నిండా మనుషులతో అలిపిరి నుంచి ఘాట్ ఎక్కే కార్లు మనవే కదా. ఆమోదం ఉన్న కిట్‌ను అధీకృత సెంటర్లో బిగించి ఆర్సీలో ఎక్కిస్తే దానికి రికార్డు ఉంటుంది. సిలిండర్‌ను మూడేళ్లకోసారి పరీక్ష చేయించాలని నిబంధన. దాచిన కిట్‌ను పరీక్షకు ఎవరు తీసుకెళ్తారు? అనుమతి లేని మార్పుకు మోటారు వాహనాల చట్టం 182ఎ సెక్షన్ ఆరు నెలల దాకా జైలు, లేదా ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా రెండూ అంటోంది. మెసేజ్ రాసినవాళ్లు ఇందులో ఒక్క ముక్క కూడా చెప్పలేదు.

కంపెనీలు డబ్బు ఎగ్గొడతాయన్న మెసేజ్ చివరి మాట మాత్రం నేను కొట్టేయలేను. ప్రమాదానికి సంబంధమే లేని మార్పును చూపించి క్లెయిమ్ తిరస్కరించడం జరుగుతోంది, అది అన్యాయం. వెనక నుంచి లారీ గుద్దితే మ్యూజిక్ సిస్టమ్‌కు దానితో ఏం పని? షరతు ఉల్లంఘించినంత మాత్రాన మొత్తం ఎగ్గొట్టడం కుదరదని 2010లో సుప్రీంకోర్టే చెప్పింది. సొంత కారును అద్దెకు తిప్పిన ఆ కేసులో క్లెయిమ్‌ను నాన్‌స్టాండర్డ్ పద్ధతిలో, అంటే కొంత తగ్గించి అయినా చెల్లించి, పరిష్కరించాలంది. సాధారణంగా అది రావాల్సిన క్లెయిమ్‌లో 75 శాతం వరకు ఉంటుంది.

అలా తిరస్కరిస్తే కారణం రాతపూర్వకంగా అడగండి. ముందు కంపెనీకే ఫిర్యాదు చేయండి. అక్కడ పని కాకపోతే హైదరాబాద్‌లోని ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్‌కు (బీమా ఫిర్యాదులు విని పరిష్కరించే అధికారి) ఏడాదిలోపు రాయండి. ఫీజు లేదు, లాయరు అక్కర్లేదు. గ్రూపులో పంపాలనుకుంటే ఇది పంపండి.