తాబేళ్లకు కాపలా సరే, ఋషికుల్య మొగ సంగతేంటి?

2025 ఫిబ్రవరిలో ఒడిశాలోని ఋషికుల్య నది సముద్రంలో కలిసే మొగ దగ్గర దాదాపు 7 లక్షల ఆలివ్ రిడ్లే సముద్ర తాబేళ్లు గుడ్లు పెట్టాయని గంజాం జిల్లాలో ఉన్న మన తెలుగువాళ్లం కూడా గొప్పగా చెప్పుకున్నాం, చెప్పుకోవాల్సిందే. కానీ అంతకుముందు ఏడాది, 2024లో, అదే తీరానికి అవి గుంపుగా రానే లేదు. దాని గురించి మాట్లాడింది చాలా తక్కువ. అవి రాకపోవడానికి కారణాలు చాలానే ఉండొచ్చు, నాకు మాత్రం అన్నిటికన్నా భయం ఇసుక గురించే.

రాత్రిపూట అలలు దాటి పైకొచ్చిన తాబేలు వెనక కాళ్లతో మూరెడు లోతు గొయ్యి తీసి, వంద దాకా గుడ్లు పెట్టి, ఇసుక కప్పి, ఒళ్లంతా అటూ ఇటూ ఊపుతూ డిప్పతో అదిమి గట్టిచేసి సముద్రంలోకి వెళ్లిపోతుంది. మళ్లీ తిరిగి చూడదు. ఆ తర్వాత 45 నుంచి 60 రోజులు పొదిగేది ఇసుకే. ఇసుక వేడిగా ఉంటే ఆడపిల్లలు ఎక్కువ, చల్లగా ఉంటే మగవి. అల వచ్చి గూడును కోసేస్తే ఏవీ మిగలవు.

ఆ ఇసుక కొంత సముద్రం దక్షిణం నుంచి మోసుకొస్తుంది, కొంత దారింగ్‌బాడి కొండల్లో పుట్టిన నది తెస్తుంది. నదిలో ఇసుక తవ్వేసి, నీటిని పైనే ఆపేసి, సముద్రంలోకి రాతిగోడలు కడితే (గోడకు దక్షిణాన ఇసుక పేరుకుంటుంది, ఉత్తరాన తీరం కోసుకుపోతుంది) మొగ దగ్గర దిబ్బ ఎలా నిలుస్తుంది? అక్కడి పొడంపేట ఊరినే సముద్రం మింగేసింది, జనం ఇళ్లు వదిలి వేరేచోటికి పోయారు. మనుషులకే చోటు మిగలని తీరంలో తాబేలుకు ఎక్కడ మిగులుతుంది?

మొగ పాడైతే ఏమవుతుందో చిలికాలో చూశాం. మహానది డెల్టా దక్షిణపు కొసన ఉన్న ఆ సరస్సు 1981లోనే రామ్‌సర్ జాబితాకు (ప్రపంచంలో ముఖ్యమైన చిత్తడి నేలల పట్టీకి) ఎక్కింది, మొగ పూడిపోయి ఉప్పదనం తగ్గి, కలుపు పెరిగి, చేపలు పడిపోయి 1993లో ప్రమాదంలో ఉన్నవాటి పట్టీలోకి పోయింది. 2000 సెప్టెంబరులో కొత్త మొగ తవ్వాక చేపా రొయ్యా తిరిగొచ్చాయి, 2002లో ఆ పట్టీ నుంచి బయటపడింది. ఐరావడి డాల్ఫిన్లకూ, చలికాలం వలస పక్షులకూ ఆ ఉప్పూ తీపీ కలిసిన నీళ్లే ఆధారం. అక్కడ ఇసుక ఎక్కువై ముంచింది, ఇక్కడ తక్కువైతే ముంచుతుంది.

మనం చేస్తున్నదేమిటి? నవంబరు 1 నుంచి మే 31 దాకా మొగ చుట్టూ 20 కిలోమీటర్ల మేర వేట నిషేధం. అవసరమే, వలలో చిక్కి ఊపిరాడక తాబేళ్లు చస్తాయి కాబట్టి. కానీ ఆ ఏడు నెలల భారం మోసేది ఎక్కువగా చిన్న పడవల మీద బతికే నోలియాలు, ఇంట్లో తెలుగు మాట్లాడే మన మత్స్యకారులు. తాబేలు పిల్లలు గుడ్లలోంచి బయటికొచ్చే రోజుల్లో గూళ్లకు కాపలా ఉండేవాళ్లలోనూ ఈ పల్లెల కుర్రాళ్లున్నారు. వాళ్ల వేట ఆపేసి, నదిలో ఇసుక లారీలను వదిలేయడం న్యాయం కాదు. నిషేధం ఉన్నన్నాళ్లూ వాళ్లకు ఇల్లు గడిచేంత పరిహారం ఇవ్వాలి, మొగకు ఎగువన ఇసుక తవ్వకం పూర్తిగా ఆపాలి, తీరంలో కొత్త కట్టడం ఏదైనా అనుమతికి ముందే దానివల్ల ఇసుక ఎటు కదులుతుందో లెక్కగట్టి ఆ పల్లెల్లో తెలుగులోనూ ఒడియాలోనూ చదివి వినిపించాలి.