ప్రోటానుగారికి పౌరసన్మానం జరగాలి

ఆఫీసుల్లో ఫైళ్లు కదలవని ఆడిపోసుకునేవాళ్లు నీళ్లలో ప్రోటాను, అంటే ఎలక్ట్రాను ఊడిన హైడ్రోజన్ పరమాణువు, ఎలా కదులుతుందో చూడాలి. అసలది కదలదు. ఒక నీటి అణువు తన ప్రోటానును పక్కదానికి అంటగడుతుంది. ఆ పక్కది తన దగ్గరున్న ఇంకోదాన్ని అవతలి దాని నెత్తిన వేస్తుంది. ఈ చివర ఒకటి చేరగానే ఆ చివర వేరొకటి బయటపడుతుంది. ఎవరూ కుర్చీ దిగరు, పని అయిపోతుంది! ఇలాంటి చేతులు మార్చే పద్ధతిని గ్రోట్‌హస్ అనే కుర్రాడు 1806లోనే ఊహించాడు. అప్పటికి ప్రోటాను పేరే పుట్టలేదు.

2019లో ఒరెగాన్ స్టేట్ యూనివర్సిటీవారు ఈ విద్యను బ్యాటరీ కాథోడ్‌లోకి, అంటే ప్లస్ కొసలోకి, దించారు. రాగి, ఇనుము, సయనైడ్ కలిసిన స్ఫటికం, దాని కన్నాల నిండా నీళ్లు. రంగుల కొట్లో దొరికే ప్రష్యన్ బ్లూకి దగ్గరి చుట్టమే. 4000సి రేటు సాధించారు, అంటే గంటలో నిండే వేగానికి నాలుగువేల రెట్లు, లెక్క ప్రకారం 0.9 సెకనులో చార్జింగ్. మరుసటి ఏడాది ఇదే కుటుంబం కాథోడ్‌తో, గడ్డకట్టని ఫాస్ఫారిక్ ఆసిడ్ పోసి, మైనస్ 78 డిగ్రీల్లోనూ బ్యాటరీ నడిపించారు.

మన ఫోన్లలో, కార్లలో ఉండే లిథియం బ్యాటరీ అంత ఓర్పుగలది కాదు. సున్నా కిందకి దిగితే చార్జింగ్‌కి మొరాయిస్తుంది. బలవంతం చేస్తే యానోడ్ (మైనస్ కొస) మీద లిథియం లోహంగా పేరుకుంటుంది. 2024 జనవరిలో షికాగో చలికి ఎలక్ట్రిక్ కార్లు చార్జర్ల దగ్గరే చతికిలబడ్డాయి.

ఇంత ఘనత విన్నాక "మరి అందులో ఎంత చార్జి పడుతుందండీ?" అని అడగడం అమర్యాద. కాథోడ్ గ్రాముకి 95 మిల్లీ ఆంపియర్ అవర్లు. లిథియం బ్యాటరీల్లో వాడే ఎల్‌ఎఫ్‌పీ (లిథియం ఐరన్ ఫాస్ఫేట్) కాథోడ్‌లో 150 పైమాటే, అదీ మూడు వోల్టులకు పైన. ఈ నీళ్ల బ్యాటరీలోనేమో 1.23 వోల్టులు దాటితే చాలు, హైడ్రోజన్, ఆక్సిజన్‌గా విడిపోయే హక్కు నీళ్లకి వచ్చేస్తుంది. రికార్డు వేగంతో నింపేది చిన్న చెంబునే. కానీ చెంబు సైజు హెడ్డింగులో వేస్తే ఎవరు చదువుతారు?

సరే, చెంబు పెద్దదయిందనుకుందాం. ఫోను బ్యాటరీ సుమారు 20 వాట్ అవర్లు. దాన్ని 0.9 సెకనులో నింపాలంటే 80 కిలోవాట్లు లాగాలి. వీధి చివర 100 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్ ఉంటే, దాదాపు మొత్తం ఒక్క ఫోనుకే సరి. పక్కింటివాళ్లు అదే క్షణంలో మిక్సీ వేయకుండా జీవో తేవాలి.

ఫోనుకి పెట్టే పిన్ను, దానిలోంచి 80 కిలోవాట్లు పోయాక ఏ రంగులో ఉంటుందో ఇలాంటి ఘనతలు చాటే ప్రెస్‌నోట్ చెప్పదు. సన్మానసభలో ఆ వైరు పట్టుకోవడానికి మాత్రం వక్తల్లోంచే ఒకర్ని ఎంపిక చేయాలని నా మనవి.