‘నాకు బాగానే కనిపిస్తోంది’ గారికి

అయ్యా,

మీరు ఒట్టి వాక్యమే అయినా, ఎన్ని కంటి పరీక్షలు తప్పించారో తలచుకుంటే ‘గారు’ అనక తప్పదు. కళ్ల డాక్టరుకు ఏళ్ల చదువు కావాలి, యంత్రాలు కావాలి. మీకు మూడు మాటలు చాలు.

మా నాన్న మీ వీరాభిమాని. కళ్లద్దాల్లేకుండా పేపరు చివరి పేజీ దాకా చదివి, ‘చూశావా?’ అన్నట్టు మడతపెట్టి పడేసేవారు. ఎడమ భుజం గుమ్మానికి తగిలితే మాత్రం తప్పు గుమ్మానిది.

కంటినరాన్ని దెబ్బతీసే నీటికాసులకు (గ్లాకోమాకు) మీరంటే ఎంత ఇష్టమో! చాలామందిలో అది నొప్పీ ఎరుపూ లేకుండా ముందు పక్కచూపును కొరుక్కుతింటుంది. ఆ ఖాళీని మెదడు తోచినట్టు పూడ్చేస్తుంది, మిగతాది రెండో కన్ను సర్దుతుంది. గోడమీది అక్షరాల చార్టు పట్టేస్తుందా అంటే, 1862లో స్నెల్లెన్ అనే కళ్ల డాక్టరు దాన్ని చేసింది నడిమి చూపు కొలవడానికి. మూలలతో దానికి పనిలేదు. పోనీ కంటి ఒత్తిడి చూస్తే సరిపోతుందా? అది మామూలు హద్దనుకునే 21 (మి.మీ. పాదరసం) లోపు ఉన్నా నరం దెబ్బతినొచ్చు. అందుకే డాక్టరు లోపలి నరాన్ని కూడా చూస్తానంటారు. మీరు వద్దంటారు.

షుగరున్నవాళ్ల దగ్గరికి ‘కంట్రోల్లోనే ఉందిగా’ అనే మీ తమ్ముణ్ణి కూడా వెంటబెట్టుకెళ్తారు. టైప్ 2 అని తేలగానే ఓసారి, ఆపైన మామూలుగా ఏటా రెటీనా చూపించుకోమంటారు కదా, అన్నదమ్ములిద్దరూ కలిసి ఆ తారీఖును భలే జరుపుతారు.

శుక్లాల దగ్గరే మీ ఆటలు ఎక్కువకాలం సాగవు. అవి మసక పెట్టి మరీ పిలుస్తాయి. లెన్సు మారిస్తే చాలావరకు చూపు తిరిగొస్తుంది కూడా. నీటికాసుల్లో పోయింది రాదు.

ఎట్టకేలకు నాన్నను పక్కచూపు కొలిచే ఫీల్డ్ టెస్టుకు కూర్చోబెట్టాం. గడ్డం ఆనించి, కుడికన్ను మూసి, చేతికి బటన్ ఇచ్చారు. వెలుగుచుక్క కనిపించినప్పుడల్లా నొక్కాలి. మొదట్లో టకటకా నొక్కారు. తర్వాత వేలు ఆగిపోయింది.

“ఏమ్మా, లైట్లు ఆపేశావా?”

“లేదండీ, వస్తూనే ఉన్నాయి.”

ఆ గదిలో మీరు నోరెత్తలేదు.

ఇప్పుడు నాన్న ఉన్న చూపు నిలబెట్టుకోవడానికి రోజూ చుక్కలమందు వేసుకుంటున్నారు. కన్నబిడ్డలకూ ముప్పు ఎక్కువేనని డాక్టరు నన్నూ రమ్మన్నారు. నిన్న అపాయింట్‌మెంట్ కోసం ఫోన్ చేశాను. “ఇబ్బందేమైనా ఉందా అండీ?” అని అటునుంచి అడిగారో లేదో, నా నోటి నుంచి ఠక్కున ఊడిపడింది మీరే.

ఇట్లు,
వారసత్వంగా మీ అభిమాని