కారిన్ కుసామాను ఫ్లాప్ డైరెక్టర్ అనేముందు ఫైనల్ కట్ ఎవరిదో చూడండి

2005లో 'ఈయాన్ ఫ్లక్స్' పోయింది కాబట్టి హాలీవుడ్ దర్శకురాలు కారిన్ కుసామాకు పెద్ద సినిమా తీయడం రాదని ఇప్పటికీ రాసేవాళ్లున్నారు. చదివిన ప్రతిసారీ ఒళ్లు మండుతుంది. థియేటర్లో ఆడింది ఆమె అనుకున్న సినిమా కాదు.

కుసామా నాన్న జపనీయుడు. పుట్టింది బ్రూక్లిన్‌లో. బాక్సింగ్ జిమ్‌లో స్వయంగా శిక్షణ తీసుకున్న అనుభవంతో తన మొదటి సినిమా 'గర్ల్‌ఫైట్' రాసుకుంది. డబ్బు పెట్టేవాళ్లు వెనక్కి తగ్గితే, ఆమె అసిస్టెంట్‌గా పనిచేసిన దర్శకుడు జాన్ సేల్స్ ఆదుకున్నాడు. సుమారు 10 లక్షల డాలర్లలో పూర్తయింది. అంతకుముందు నటన తెలియని మిషెల్ రోడ్రిగెజ్ హీరోయిన్. 2000లో అమెరికాలోని సండాన్స్ ఫిల్మ్ ఫెస్టివల్లో గ్రాండ్ జ్యూరీ ప్రైజూ, దర్శకత్వం అవార్డూ రెండూ వచ్చాయి.

అక్కడినుంచి ఒక్కసారిగా 6 కోట్ల డాలర్లు దాటిన స్టూడియో సినిమా 'ఈయాన్ ఫ్లక్స్'. హాలీవుడ్‌లో దర్శకుల గిల్డ్ ఒప్పందం ప్రకారం పెద్ద సినిమాకు తన కట్, అంటే తన ఎడిటింగ్ వెర్షన్, తయారు చేసుకోవడానికి దర్శకుడికి దాదాపు పది వారాలు దక్కుతాయి. ఆ తర్వాత ఫైనల్ కట్ హక్కు (విడుదలయ్యే ఎడిటింగ్ మీద చివరి మాట) కాంట్రాక్ట్‌లో రాసి ఉంటే తప్ప, సినిమా స్టూడియోదే. కొత్త దర్శకులకు ఆ హక్కు దాదాపు ఎవరూ ఇవ్వరు. షూటింగ్‌లో హీరోయిన్ చార్లీజ్ థెరాన్ మెడకు దెబ్బ తగిలి వారాల తరబడి పని ఆగింది. ఈలోగా సినిమా తీస్తున్న స్టూడియో పారామౌంట్‌లో పెద్దలు మారారు. పాతవాళ్లు ఓకే చేసిన ప్రాజెక్ట్ మీద కొత్తవాళ్లకు మమకారం ఉండదు, గెలిచినా పేరు పాతవాళ్లకే పోతుంది కదా. సినిమాను మళ్లీ కోశారు. విమర్శకులకు ముందుగా చూపించకుండానే వదిలారు. నింద మాత్రం ఆమె నెత్తిన పడింది.

2009లో 'జెన్నిఫర్స్ బాడీ'. ఇద్దరు అమ్మాయిల స్నేహం మీద నడిచే హారర్ కథను, మేగన్ ఫాక్స్ అందం చూడటానికి రండంటూ కుర్రాళ్లకు అమ్మారు. సినిమా ఎవరికోసమో వాళ్లకు కబురే అందలేదు. ఏళ్ల తర్వాత అమ్మాయిలే దాన్ని వెతికి పట్టుకుని నిలబెట్టారు.

తర్వాతి సినిమాకు ఆరేళ్లు. మధ్యలో టీవీ ఎపిసోడ్లు. 2015లో 'ది ఇన్విటేషన్' వచ్చింది. మళ్లీ పది లక్షల డాలర్ల స్థాయి బడ్జెట్, లాస్ ఏంజిలిస్ కొండల మీద ఒకే ఇల్లు, ఒక్క రాత్రి కథ. వినడానికి తేలికగా ఉంటుంది గానీ, పదిమందికి పైగా మనుషులున్న భోజనం బల్ల సీను దర్శకులకు పెద్ద పరీక్ష. ఎవరు ఎవరిని చూస్తున్నారో ప్రతి క్లోజప్‌లో చూపు దిశ కలవాలి. ఇద్దరి మధ్య ఊహించుకునే గీతను కెమెరా దాటితే ఎదురెదురుగా కూర్చున్నవాళ్లు ఒకే వైపు చూస్తున్నట్టు కనిపిస్తారు. గ్లాసులో వైన్ మట్టం ఒక షాట్‌లో ఎక్కువ, మరో షాట్‌లో తక్కువ ఉంటే దొరికిపోతారు. ఆ ఇంట్లో అంతా మర్యాదగానే మాట్లాడతారు, అయినా హీరోలాగే మనకూ ఊపిరాడదు. అతను భ్రమపడుతున్నాడా, నిజంగానే ప్రమాదం ఉందా అనేది చివరిదాకా తేలనివ్వదు. ఒక చూపు, ఒక తాళం వేసిన తలుపు, అంతే సరంజామా. ఎఫెక్టులకు డబ్బు లేదు, అవసరమూ పడలేదు.

2018లో నికోల్ కిడ్‌మన్‌తో 'డిస్ట్రాయర్', 2021లో టీవీ సిరీస్ 'యెల్లోజాకెట్స్' మొదటి ఎపిసోడ్. దానికి దర్శకత్వంలో అమెరికా టీవీ అవార్డు ఎమ్మీకి నామినేషన్. పెద్ద సినిమా చేతకాదన్న మనిషి ఆ ఒక్క ఎపిసోడ్‌లోనే విమాన ప్రమాదాన్నీ, రెండు కాలాల్లో నడిచే కథనూ, అరడజనుకు పైగా ముఖ్య పాత్రలనూ ఎలా నిలబెట్టిందో ఒకసారి పెట్టుకుని చూడండి.