నవ్వితే మనసు లేనట్టేనా?

వారం నుంచి మా అనంతపురంలో ఒక వాట్సాప్ మెసేజ్ చేతులు మారుతోంది. "చుట్టూ జనం నరకం చూస్తుంటే పొద్దున్నే ధ్యానం చేసుకొచ్చి నవ్వుతూ తిరిగేవాళ్లకు మనసుండదు. ధ్యానమంటే కష్టం చూడలేక కళ్లు మూసుకోవడం. నిజంగా జాలి ఉన్నవాడికి కునుకు రాదు. వీళ్లు అంతా కర్మ అని చేతులు దులుపుకుంటారు." ఇదీ సారాంశం. నాకే ముగ్గురు పంపారు, అందులో ఒకడు మా బామ్మర్ది. నేను పొద్దున ఇరవై నిమిషాలు ధ్యానంలో కూర్చుంటానని తెలిసీ పంపాడు కాబట్టి జవాబు చెప్పాల్సిందే.

నేను డయాలసిస్ టెక్నీషియన్‌ని, కిడ్నీలు పనిచేయనివాళ్ల రక్తాన్ని మిషన్‌తో శుభ్రం చేసే పని. ముందు ఆ కునుకు సంగతి తేల్చేద్దాం, ఎందుకంటే చేరిన మొదటి ఏడాది నేనూ ఈ మెసేజ్ మెచ్చుకునే రకమే. అందరి కష్టాలూ ఇంటికి మోసుకుపోయేవాణ్ని, నిద్ర లేదు, అన్నం సయించదు. డయాలసిస్ కోసం చేతిలో రెండు రక్తనాళాలు కలిపి కుడతారు, దాన్ని ఫిస్టులా అంటారు. ఆ చేతి మీద వేళ్లు ఆనిస్తే లోపల రక్తం జుమ్మని పారడం తెలుస్తుంది, ఆ అదురును బట్టి చోటు చూసుకుని రెండు లావుపాటి సూదులు గుచ్చాలి, అదీ వారానికి రెండు మూడు సార్లు అదే చేతికి. ఒకరోజు కళ్యాణదుర్గం వైపు నుంచి వచ్చే ఒక పెద్దాయనకు పెడుతుంటే నా చెయ్యి వణికింది. సూది తప్పింది, చూస్తుండగానే ఉబ్బి నల్లగా కమిలింది. ఆయన అరవలేదు. "ఏమప్పా, నాకంటే నీ మొగమే వాడిపోయిందే, తిన్నావా లేదా?" అన్నాడు. కునుకు లేని నా జాలి వల్ల ఆయనకు దక్కింది ఆ కమిలిన చెయ్యే.

కూర్చోవడం మొదలుపెట్టింది ఆ తర్వాతే.

కళ్లు మూసుకుంటే పారిపోయినట్టట! కళ్లు మూసుకోగానే నాకు కనబడేది ఆ మంచాలే. ఒక్కో ముఖం తెచ్చుకుని, ఇవాళ ఈమెకు బీపీ పడిపోకూడదు, ఈయన కాళ్లు పట్టేయకూడదు అనుకుంటాను, అంతే నా సాధన. నేను కనిపెట్టిందేం కాదిది. పతంజలి యోగసూత్రాల్లో మొదటి పాదం 33వ సూత్రం సుఖంగా ఉన్నవాళ్లతో మైత్రి, దుఃఖంలో ఉన్నవాళ్ల పట్ల కరుణ పెంచుకుంటే మనసు తేటపడుతుందని చెబుతుంది. ఎదుటివాడి దుఃఖాన్ని చూడకుండా కరుణ ఎక్కడి నుంచి వస్తుంది? బౌద్ధ సన్యాసి మాథ్యూ రికార్డ్‌ని 2007లో టానియా సింగర్ అనే శాస్త్రవేత్త మెదడు స్కానర్‌లో పడుకోబెట్టి, అనాథ పిల్లల బాధను తన బాధగా అనుభవించమంది. కొంతసేపటికి అంతటి సాధకుడూ ఇక నావల్ల కాదనే స్థితికి వచ్చాడు. అదే పిల్లల మీద కరుణ ధ్యానానికి మారాక బాధ కళ్లముందే ఉన్నా అలసట పోయిందట. తర్వాత మామూలు మనుషులకు శిక్షణ ఇచ్చి చూసినా ఫలితం అటువైపే మొగ్గింది.

పారిపోవడం అంటున్నారు కాబట్టి ఇంకో మాట. ధ్యానం, ప్రార్థన నియమంగా పెట్టుకున్న జెస్యూట్ అనే క్రైస్తవ సన్యాసుల సంఘం నుంచి ఈ దేశానికి వచ్చిన విసెంటె ఫెర్రర్ 1969లో మన అనంతపురం చేరి, 2009లో కన్నుమూసేదాకా ఈ కరువు నేలమీదే ఉన్నాడు. ఆయన సంస్థ పెట్టిన బత్తలపల్లి ఆసుపత్రికి పోయి అడగండి, ఎవరు పారిపోయారో.

కర్మ మాటలో మాత్రం కొంత నిజముంది, ఒప్పుకుంటాను. ఇరవై నాలుగేళ్ల కుర్రాడి మంచం పక్కన నిలబడి "పూర్వజన్మ పాపం నాయనా" అన్న ఒక భక్తుణ్ని నేనే బయటికి పంపించాను. అట్లాగే ఐదుగురి పని ఇద్దరితో చేయించి, టెన్షన్ అయితే ధ్యానం చేసుకోండి అనేవాళ్లను చూస్తే నాకూ ఒళ్లు మండుతుంది. సాధన జీతానికీ సెలవుకీ బదులు కాదు.

ఇక మనసు లేదన్న మాట. మా డయాలసిస్ పేషెంట్లకు మంచినీళ్లు కూడా కొలతే, ఒంట్లో చేరిన నీరు బయటికి పోదు, ఊపిరితిత్తుల్లోకి చేరితే ప్రమాదం. మన మే ఎండల్లో ఆ దాహం ఎట్లుంటుందో ఊహించుకోండి. మొన్న ఒకామె ఐసు ముక్క బుగ్గన పెట్టుకుని పడుకుని ఉంది, కిటికీ బయట పుచ్చకాయల బండివాడు గొంతు చించుకుంటున్నాడు. "వాణ్ని అట్ల పొమ్మనప్పా, చెవులతోనే తాగేస్తాండా, బరువు పెరిగితే నువ్వు మళ్లా నన్నే తిడతావు" అంది. ఆరు మంచాలూ పగలబడి నవ్వాయి. నేనూ నవ్వాను.

వాళ్లకూ మనసు లేదంటావా బామ్మర్దీ?